గిలక మీద పసుపు గుడ్డ

“సారూ, జర తాగున్రి.”

టేబుల్ మీద ఇత్తడి చెంబు ఠక్కున వచ్చి కూర్చుంది. కొన్ని నీళ్లు తుళ్లి జగన్‌మోహన్ రాసుకుంటున్న కాగితాల మీద పడ్డాయి. తలెత్తి చూస్తే చెంబు వెనక ఒక అమ్మాయి. ఎండలో నడిచి వచ్చిన మొహం, ముక్కుపుడక, కోపం. మూడింటిలో కోపమే ఎక్కువగా మెరుస్తోంది.

జహీరాబాద్ నీళ్ల ట్యాంకు కింద ఉన్న ఆ ఒంటిగది ఆఫీసుకు ఆడపిల్లలు రావడం అరుదు. పంపు నడిపే మాణిక్ వస్తాడు. నల్లా రాలేదని తిట్టే షావుకార్లు వస్తారు. మధ్యాహ్నం ట్యాంకు నీడన పడుకోవడానికి ఒక కుక్క వస్తుంది. కెమిస్ట్రీ చదివి, ఈమధ్యనే ఉద్యోగంలో చేరిన జగన్‌మోహన్‌కు వెంటనే ఏం మాట్లాడాలో తోచలేదు. తోచనప్పుడు అతను నవ్వుతాడు. అది అతని జబ్బు.

“నవ్వుతరేంది? తాగున్రి అంటున్న.”

“నాకు దూప లేదమ్మా.”

“దూప లేకున్నా తాగాలె. నిన్న మా బావిల ఏం పోసిన్రో మీకు ఎరుక కావాలె గద! పొద్దున పప్పు వండితె పప్పుల దవాఖాన వాసన. చల్లల దవాఖాన వాసన. మా నాయిన కంచం ముందటికెల్లి లేచిపోయిండు.”

“ఏ ఊరు మీది?”

“ఎర్రకుంట. వీరప్ప బావి.”

ఆ పేరు వినగానే జగన్‌మోహన్ నవ్వు ఆగిపోయింది. ఝరాసంగం పోయే దారిలో, రోడ్డును ఆనుకునే ఉంటుంది ఆ బావి. వీరప్ప తండ్రి ఎర్రరాయి చెక్కి తవ్వించాడు. చెరుకు తోటలకు మోటర్లు వచ్చాక చుట్టుపక్కల బావులు ఒక్కొక్కటే అడుగంటాయి కానీ, ఇది మాత్రం ఎండలేదు. నీళ్లు తియ్యగా ఉంటాయని చుట్టూ ఊళ్లలో ఎవరింట పెండ్లి అయినా వంటకు ఇక్కడికే బండి కట్టుకుని వస్తారు. వీరప్ప ఎవరినీ కాదనడు. అలాంటి బావిలో, ఆయన అల్లం చేనుకు పోయిన సమయం చూసి, జగన్‌మోహన్ బ్లీచింగ్ పౌడర్ కలిపి వచ్చాడు. పక్క తండాలో గత్తర వచ్చింది మరి. వాంతులు, విరేచనాలతో మనుషులు పోతుంటే అడిగి కలిపే తీరిక ఎక్కడిది?

“జర కూసో. నీళ్లు మంచియో కావో నా నోటితోని కాదు, దీనితోని చెప్త.”

సొరుగులోంచి గాజు గొట్టం తీశాడు. చెంబులోని నీళ్లు కాసిని అందులో పోసి, చిన్న సీసాలోంచి చుక్కలు వేశాడు. మామూలు నీళ్లు చూస్తుండగానే పసుపురంగుకు తిరిగాయి.

“అయ్యో, పసుపు!” అంది అమ్మాయి, కోపం మరిచిపోయి.

“పసుపు వచ్చిందంటె బ్లీచింగ్ ఇంక నీళ్లల్ల మిగిలి ఉన్నట్టు. మన నీళ్లకు కాపలా ఉన్నట్టు. రంగు రాలేదనుకో, కాపలా లేదు. గత్తర సీదా ఇంట్లకొస్తది.”

“మరి గీ పసుపు నీళ్లు తాగుతరా?”

“ఛీ! గివి పారబోయాలె. చుక్కల మందు కడుపులకు పోవద్దు. తాగేటివి గివి.”

చెంబు ఎత్తి గటగటా తాగేసి, మూతి తుడుచుకున్నాడు. అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

“మీకు ముక్కు లేదా సారూ?”

“ఉంది. అలవాటయింది. పేరేంది?”

“ముక్కుకా?”

“నీకు.”

“భాగీరథి.”

“గంగమ్మ పేరు పెట్టుకొని నీళ్ల మనిషితోని కొట్లాడుతవా?”

“నీళ్లు ఖరాబ్ చేసేటోడు నీళ్ల మనిషి ఎట్లయితడు?” అని చెంబు లాక్కుంది. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. “రేపు వచ్చి మా నాయినకు గూడ గా పసుపు చూపెట్టున్రి. నేను చెప్తె నమ్మడు.”

ఇందులో ‘రేపు వచ్చి’ అన్న రెండు మాటలే జగన్‌మోహన్ చెవిలో మిగిలాయి. మిగిలిన మధ్యాహ్నమంతా అతను తడిసిన కాగితాలు ఆరబెట్టుకున్నాడు.

* * *

వీరప్ప ఇంటి గడప తొక్కిన ఎవరికైనా మొదట చెంబెడు నీళ్లిస్తారు. చుట్టమా, బిచ్చగాడా, పన్ను కోసం వచ్చినవాడా అని చూడరు. వీరప్ప భార్య నారమ్మ చేతిలో ఆ చెంబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

“మా బావిల మందు కలిపింది నువ్వేనా?” అన్నాడు వీరప్ప, అరుగు మీద కూర్చునే. “ముందుగాల నీళ్లు తాగు. తిట్టుడు తర్వాత.”

జగన్‌మోహన్ తాగాడు. తర్వాత బుద్ధిగా తిట్లు తిన్నాడు. ఆ తర్వాత గాజు గొట్టం తీసి పసుపు చూపించాడు. పెద్ద కూతురు బాలమణి తలుపు చాటున నవ్వింది. చిన్న కూతురు భాగీరథి చాటూ మాటూ లేకుండా నవ్వింది.

“గత్తర పోయేదాంక పోసుకో,” అన్నాడు వీరప్ప చివరికి. “కని ఒక్క మాట సారూ. గీ బావి మా నాయిన చేతి పని. దీని నీళ్లు మంచిగలేవని ఎవ్వలన్నా నాకు అన్నం దిగదు.”

“బావి బంగారమే పటేలా. చుట్టూ ఒర గోడ లేదు, గంతే. వాన పడితె బజార్ల మురికి అంత దీంట్లకే దిగుతది. ఒర కట్టిపిస్తె సగం ఫికర్ ఉండదు.”

“చూద్దాం తియ్,” అన్నాడు వీరప్ప. ఆయన చూద్దాం అన్నాడంటే చూడడని ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పట్లో, డెబ్బై తొమ్మిదిలో, ఆ ప్రాంతపు బావులన్నిటికీ జగన్‌మోహన్ ఒక్కడే. రోజూ ఝరాసంగం బస్సెక్కి బావులు చూసుకుంటూ పోవాలి. అన్ని చోట్లా దిగాలంటే పొద్దు చాలదు. భాగీరథి పదో తరగతి దాకా చదివింది, చెయ్యి వణకదు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. అందుకని ఆమెకు ఒక గొట్టం, చుక్కల సీసా ఇచ్చి పరీక్ష నేర్పాడు. మరి ఫలితం బస్సులో ఉన్నవాడికి తెలిసేదెట్లా? ఆ ఉపాయం భాగీరథిదే. పాత చీర అంచు చింపి పసుపులో ముంచి ఆరేసింది.

“పొద్దున రంగు వచ్చిందనుకో, గిలక కట్టె మీద గీ గుడ్డ కడత. మీరు బస్సుల నుంచే చూసి పోవచ్చు. రంగు రాకుంటె కట్ట. అప్పుడు దిగున్రి.”

మంచి ఉపాయం. కొన్నాళ్లు చక్కగా నడిచింది. ఆ తర్వాత ఎందుకో గిలక మీద గుడ్డ కనిపించని రోజులు ఎక్కువయ్యాయి. జగన్‌మోహన్ దిగేవాడు, బ్లీచింగ్ సంచీ మోసుకుంటూ ఆదరాబాదరాగా బావి దగ్గరికి పోయేవాడు. భాగీరథి తాపీగా బిందె తోముతూ కనిపించేది. తోమిన బిందెనే మళ్లీ తోముతున్నట్టు అతనికి అనుమానం వచ్చింది.

ఒకరోజు ముసురు పట్టింది. బస్సు దిగేసరికి భాగీరథి తల మీద గోనెసంచి కప్పుకుని బావి పక్కన నిలబడి ఉంది. చినుకులు ముక్కుపుడక మీంచి జారుతున్నాయి. అతను అటు చూడకూడదనుకుని ఆమె చేతిలోని గొట్టం వైపు చూశాడు. నీళ్లు నిండు పసుపు.

“రంగు వచ్చింది గద.”

“ఎరుకే. పొద్దుగాలనే వచ్చింది.”

“మరి గుడ్డ ఎందుకు కట్టలే?”

భాగీరథి గోనెసంచి సర్దుకుంది. బొటనవేలితో ఎర్రమట్టిని కాసేపు గీసింది.

“కడితె నువ్వు దిగవు గద.”

‘మీరు’ పోయి ‘నువ్వు’ ఎప్పుడు వచ్చిందో జగన్‌మోహన్ గమనించలేదు. గమనించాక అతనికి ముసురు, బురద, భుజాన సంచీ, ఏదీ గుర్తులేదు. మామూలుగా నవ్వేవాడు ఆ రోజు నవ్వలేదు కూడా.

“భాగీరథీ, నన్ను పిలువనీకి నూరు ఉపాయాలు చెయ్యి. గుడ్డతోని మాత్రం ఆడకు. బస్సుల కూసున్నోనికి కనపడేది గదొక్కటే. దాన్ని నేను నమ్మాలె.”

“నమ్మితె నువ్వు సీదా పోతవ్.”

“పోను. నాకు రావాలనిపిస్తె గుడ్డ ఉన్నా దిగుత.”

“ఒట్టా?”

“ఒట్టు.”

“అయితె నాది గూడ ఒట్టే. ఇగ గుడ్డ అబద్ధం చెప్పదు.”

ఇంటి వసారాలోంచి వీరప్ప దగ్గాడు. అది చలికి వచ్చిన దగ్గు కాదని ఇద్దరికీ అర్థమై చెరో దిక్కుకు తిరిగారు.

* * *

మరుసటి ఎండాకాలం బాలమణికి బీదర్ దిక్కు సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి వచ్చిన వియ్యంకుడు గురులింగప్ప ఒక్క గుక్క నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు.

“వీరప్పా, నీ బావి నీళ్ల ముచ్చట మా ఊరి దాంక వచ్చింది. గీ వాసనేంది మరి?”

ఆయన వేళాకోళంగానే అన్నాడు. నలుగురూ నవ్వారు. వీరప్ప కూడా నవ్వినట్టే చేశాడు. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదని నారమ్మ చెప్పుకుంది.

పెండ్లి దగ్గర పడేసరికి మొదటి వానలు దంచికొట్టాయి. వీధులు కడుక్కుని వచ్చిన ఎర్రనీళ్లు ఒర లేని బావిలోకి నేరుగా దిగాయి. పెండ్లికి ముందురోజు పొద్దున భాగీరథి గొట్టంలో చుక్కలు వేసింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మళ్లీ వేసింది. రంగు రాలేదు. గుడ్డ కట్టకుండా లోపలికి పోతుంటే వీరప్ప పిలిచాడు.

“బిడ్డా, గుడ్డ కట్టు.”

“రంగు రాలే నాయినా. మురికంత బావిలకే దిగింది. ఉన్న బ్లీచింగ్ అంత దాని మీదనే ఖర్చయింది.”

“మంచిదే. వాసన పోయింది. గిప్పుడు గుడ్డ కనపడకుంటె మీ సారు దిగుతడు, మళ్లీ సంచెడు పోస్తడు. రేపు ఆ గురులింగప్ప నలుగుర్ల గ్లాసు కింద పెడతడు.”

“గత్తర వస్తె ఎట్ల?”

“గీ నీళ్లు మా నాయిన తాగిండు, నేను తాగిన, మీరు తాగిన్రు. ఎవ్వలకేమయింది? ఒక్క పెండ్లి దాటనియ్యి బిడ్డా. ఎల్లుండి నేనే పోయి సారును తోల్కొస్త. సంచి కాదు, బండెడు పోసుకోమను.”

“ఒట్టేసిన నాయినా.”

వీరప్ప దగ్గరికి వచ్చి కూతురి తల మీద చెయ్యి వేశాడు. “నాకు ఎరుక లేదనుకున్నవా? అక్క పెండ్లయితె ఇగ నీదే. ఎల్లుండి సారును తోల్కొచ్చేది బ్లీచింగ్ కోసమే అనుకుంటివా? వాళ్ల పెద్దోళ్లతోని నేను మాట్లాడొద్దా?”

భాగీరథికి సంతోషం, భయం రెండూ ఒకేసారి వచ్చాయి. తండ్రి ఎన్నడూ ఏదీ అడగలేదు. అడిగింది ఇదొక్కటే. పైగా అడుగుతూ, ఆమె అడగలేకపోయినదాన్ని చేతిలో పెట్టాడు. ఆమె గిలక కట్టె దగ్గరికి పోయి గుడ్డ కట్టింది. ముడి రెండుసార్లు జారింది.

బస్సు వచ్చింది. కిటికీ పక్కన జగన్‌మోహన్ ఉన్నాడు. వానలో తడిసిన గుడ్డ మరింత పచ్చగా కనిపించింది. అతను లేచి నిలబడ్డాడు. రావాలనిపించింది. బాలమణికి పెట్టడానికి కొన్న చీర సంచీలోనే ఉంది. కానీ ముందున్న తండాలో మళ్లీ ఎవరికో వాంతులని కబురు వచ్చింది. పెండ్లి ఇంట్లో ఎవరి పని వాళ్లది, ఇక్కడ నీళ్లు మంచిగానే ఉన్నాయి, రేపు పెండ్లికే వద్దాం అనుకుని మళ్లీ కూర్చున్నాడు.

మర్నాడు పెండ్లికి కూడా రాలేకపోయాడు. తండా బావి దగ్గరే పొద్దు గడిచిపోయింది.

ఎర్రకుంటలో పెండ్లి ఘనంగా జరిగింది. గురులింగప్ప నిండు గ్లాసు తాగి, ఇంకో గ్లాసు అడిగి తాగాడు. “గిట్లుండాలె వీరప్పా,” అన్నాడు. వీరప్ప ఆ పూట తానే చేద వేసి నీళ్లు తోడాడు. వడ్డించే వాళ్లకు అందిస్తూ, మధ్యలో తనూ తాగుతూ పొద్దంతా తిరిగాడు. ఆయన అంత ఆనందంగా ఉండడం భాగీరథి అంతకు ముందు చూడలేదు. ఆమె కూడా ఆ నీళ్లే తాగింది. అందరికీ పెట్టినప్పుడు తను తప్పించుకుంటే ఎట్లా అనుకుని, కావాలనే తాగింది.

* * *

ఆ తర్వాత ఒక పొద్దున జహీరాబాద్ దవాఖాన ముందు ఎడ్లబండ్లు వరుసగా ఆగాయి. మాణిక్ పరిగెత్తుకొచ్చి చెప్పాడు. “సారూ, ఎర్రకుంటోళ్లు. అంత పెండ్లోళ్లే.”

జగన్‌మోహన్ దవాఖానకు పరిగెత్తాడు. గుడ్డ ఉంది గదా, తను కళ్లారా చూశాడు గదా అని దారంతా అదే మాట అనుకుంటూ పోయాడు.

మంచాలు చాలక జనాన్ని వసారాలో చాపల మీద పడుకోబెట్టారు. ఒక చాప మీద భాగీరథి. చేతికి సెలైన్ సూది. పెదవులు ఎండిపోయాయి.

“గుడ్డ…” అంది అతన్ని చూడగానే. “రంగు రాలే. అయినా కట్టిన. ఒట్టేసి గూడ కట్టిన.”

“మాట్లాడకు. పండుకో.”

పక్క మంచం మీంచి వీరప్ప చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. మొన్నటి దాకా చేద లాగిన చెయ్యి, ఇప్పుడు పట్టులో బలం లేదు. “కట్టిపిచ్చింది నేను సారూ. బిడ్డ పేరు ఎక్కడ రానియ్యకు. అత్తగారింటికి పోయింది ఒకతె, పోవల్సింది ఒకతె. ఇద్దరి బతుకులు ఆగమైతయ్.”

“రానియ్య పటేలా. ఫికర్ చెయ్యకున్రి.”

“దూపయితుంది.”

జగన్‌మోహన్ తన కూజాలోని నీళ్లు వంచి తల ఎత్తి పట్టుకుని తాగించాడు. వీరప్ప మెల్లగా మింగి, కళ్లు మూసుకున్నాడు.

“వాసనొస్తుంది,” అన్నాడు. కాసేపాగి, “గీ వాసన మంచిగనే ఉందయ్యా,” అన్నాడు.

మధ్యాహ్నానికి అందరూ కొంచెం తేరుకున్నారు. గురులింగప్ప లేచి కూర్చున్నాడు. వీరప్ప మాత్రం లేవలేదు.

పెద్ద ఇంజనీరు జీపులో ఎర్రకుంట వచ్చి విచారణ పెట్టాడు. నీళ్ల సారు రాలేదని ఊరంతా ఒక్క గొంతుతో చెప్పింది. అది నిజమే.

“బావిలో బ్లీచింగ్ ఎందుకు వెయ్యలేదు?”

“ఆ రోజు బస్సులోనే పోయిన సార్. దిగలేదు.”

“ఎందుకు దిగలేదు?”

జనం వెనక, గోడకు ఆనుకుని భాగీరథి నిలబడి ఉంది. ఏదో చెప్పడానికి ఒక అడుగు ముందుకు వేసింది. జగన్‌మోహన్ ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

“తప్పు నాదే సార్,” అన్నాడు.

ఆదిలాబాద్ దిక్కు బదిలీ అయింది. పోయే ముందు అతను ఒకసారి ఎర్రకుంట వచ్చాడు. అరుగు మీద వీరప్ప కూర్చునే చోట ఎవరూ లేరు. నారమ్మ గుమ్మంలో నిలబడి అతన్ని చూసింది. కళ్లలో నీళ్లు లేవు, కోపమూ లేదు. ఏమీ లేకపోవడమే అతనికి భరించరానిదైంది.

“నువ్వు దిగి ఉంటె మా ఆయన బతికెటోడు,” అంది.

అతను గుడ్డ మాట ఎత్తలేదు. చాలాసేపు నిలబడ్డాడు. లోపలి నుంచి చెంబు రాలేదు. ఆ గడప ముందు నుంచి దూపతో తిరిగి పోయిన మొదటి మనిషి అతనే. బస్సులో కూర్చున్నాక కిటికీ వైపు చూడకుండా తల వంచుకున్నాడు. అందుకే గిలక దగ్గర భాగీరథి నిలబడి ఉండడం అతనికి కనిపించలేదు.

* * *

కొన్ని వానాకాలాలు గడిచాయి. ఆదిలాబాద్ అడవి పల్లెల్లో జగన్‌మోహన్ బావులు చూశాడు, వాగు ఇసుకలో తోడిన చెలిమెలు చూశాడు, ఎన్నో గొట్టాల్లో పసుపు చూశాడు. పసుపు వచ్చినప్పుడల్లా మనసు కలుక్కుమనేది. పెండ్లి మాట ఎత్తితే తల్లి మీద విసుక్కునేవాడు.

జహీరాబాద్‌కు మళ్లీ బదిలీ అని కాగితం వచ్చినప్పుడు అతను వద్దని రాయబోయాడు. రాయలేకపోయాడు. చేరిన రెండో రోజే ఝరాసంగం బస్సెక్కాల్సి వచ్చింది. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఎర్రకుంట దగ్గరపడుతుంటే చూడకూడదనే అనుకున్నాడు. చూశాడు.

గిలక కట్టె మీద పసుపు గుడ్డ ఉంది.

నీళ్లు మంచిగా ఉన్నాయి. దిగే పని లేదు. ఎవరూ పిలవలేదు. పిలిచే హక్కు అక్కడ ఎవరికీ మిగల్లేదు, పోయే హక్కు తనకూ లేదు. బస్సు స్టేజీ దాటుతుండగా అతను లేచాడు.

“ఆపున్రి. దిగుత.”

“ముందే చెప్పొద్దా సారూ,” అని కండక్టర్ గొణుక్కుంటూ బెల్లు కొట్టాడు.

బావి చుట్టూ నడుమెత్తు ఒర లేచి ఉంది. అదే ఊరి ఎర్రరాయి. చెన్నమ్మ అనే ముసలమ్మ బిందె దించి, తలెత్తి గుడ్డ ఉందా అని చూసి, అప్పుడు చేద వేసింది. ఆమె వెనక వచ్చిన పడుచు కూడా అలాగే తలెత్తి చూసింది. జగన్‌మోహన్ ఆ ఇద్దరినీ చూస్తూ నిలబడిపోయాడు.

ఒర అవతల భాగీరథి ఉంది. చిక్కిపోయింది. ముక్కుపుడక లేదు. చేతిలో గాజు గొట్టం మాత్రం ఉంది.

“గుడ్డ కట్టే ఉంది గద,” అంది. “ఎందుకు దిగినవ్?”

“గుడ్డ ఉన్నా దిగుత అన్న గద. ఆ రోజు దిగకపోతి.”

భాగీరథి మొహం తిప్పుకుంది. భుజాలు కదిలాయి. కాసేపటికి కొంగుతో కళ్లు ఒత్తుకుని మాట్లాడింది.

“నువ్వు పోయినంక అమ్మకు అంత చెప్పిన. రంగు రాకున్నా కట్టిన అని, నాయిన కట్టమన్నడని. ఒక యాడాది నాతోని మాట్లాడలే. అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. తర్వాత ఒకనాడు ముక్కుపుడక ఇయ్యి అన్నది. తన పుస్తెలతాడు గూడ కలిపి అమ్మి, ఒర కట్టిపిచ్చింది.”

“ఒక్క మాట రాయొద్దా నాకు?”

“ఏ మొహం పెట్టుకొని రాస్త? గుడ్డ కట్టుకుంట కూసున్న. ఎన్నడన్న నువ్వు గీ తొవ్వల పోతె, ఇగ గుడ్డ అబద్ధం చెప్తలేదని నీకు ఎరుక కావాలె గద.”

ఆమె అన్నదాంట్లో నిష్ఠూరం లేదు. తను చూడని గుడ్డను ఇన్నేళ్లూ పొద్దున్నే కట్టిన చేతులు అతని కళ్ల ముందు ఉన్నాయి. జగన్‌మోహన్‌కు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

ఇంటి తలుపు తెరుచుకుంది. నారమ్మ మెట్లు దిగి మెల్లగా బావి దాకా వచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు. నిండుగా ఉండడం వల్ల నడుస్తుంటే నీళ్లు ఆమె పాదాల మీద ఒలుకుతున్నాయి.

“తాగు,” అంది.

అతను రెండు చేతులా అందుకున్నాడు.

“ఆనాడు నీకు నీళ్లియ్యలే. గీ ఇంటికొచ్చి దూపతోని పోయింది నువ్వొక్కనివే. నిజం ఎరుకైన సంది చెంబు పట్టుకున్నప్పుడల్ల నువ్వే యాదికొస్తివి.”

జగన్‌మోహన్ చివరి చుక్క దాకా తాగాడు. బ్లీచింగ్ వాసన గుప్పుమంది.

“వాసనొస్తుందా?”

“వస్తుందమ్మా.” అతను చెంబు దించాడు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట నోటి దాకా వచ్చింది. “దవాఖానల పటేలుకు గిసొంటి నీళ్లే తాపిన. గీ వాసన మంచిగనే ఉందయ్యా అన్నడు. గంతే, ఇగ మాట్లాడలే.”

నారమ్మ ఒర పట్టుకుని కూలబడింది. భర్త పోయిననాడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. భాగీరథి పక్కన కూర్చుని తల్లిని పట్టుకుంది. చెన్నమ్మ నిండిన బిందె అక్కడే వదిలి వచ్చి పక్కన నిలబడింది. చినుకులు ఆగి మళ్లీ మొదలయ్యాయి.

చాలాసేపటికి నారమ్మ మొహం తుడుచుకుని లేచింది.

“అల్లం చేను కోతకొస్తుంది, మగదిక్కు లేదు,” అంది ఎటో చూస్తూ. తర్వాత అతని వైపు తిరిగింది. “మీ పెద్దోళ్లను ఎప్పుడు తోల్కొస్తవ్? మాట్లాడుత అన్నడట గద ఆయన. ఆయన మాట నేను మాట్లాడుత.”

జగన్‌మోహన్‌కు జవాబు తోచలేదు. తోచనప్పుడు నవ్వే పాత జబ్బు కూడా అక్కరకు రాలేదు. తల మాత్రం ఊపాడు.

“ఇంక దూప తీరినట్టు లేదు,” అంది నారమ్మ కూతురితో. “చూస్తవేందే, నీళ్లు తే.”

భాగీరథి ఖాళీ చెంబు అందుకుని ఒర దగ్గరికి పోయింది. చేద వేసే ముందు, ఊరందరిలాగే, ఒకసారి తలెత్తి గుడ్డ వైపు చూసింది.